కరాటే క్లాసులో జపనీస్ మాటలు: తెలుగు చెవితో నేర్చుకునే పద్ధతి

కరాటేలో చేరిన మొదటి నెలలో కాళ్ల నొప్పుల కన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది భాష. ముందు నిలబడ్డ మాస్టారు "మిగి జెన్‌కుత్సు దచి, చూదన్ గ్యకు జుకి, హజిమె!" అని ఒక్క గుక్కలో అనేస్తారు. వరసలో అందరూ కదులుతారు, మనం వాళ్లను చూసి ఒక క్షణం ఆలస్యంగా కదులుతాం. ఇంటికెళ్లాక చేతిలో ఉండేది ఇంగ్లిష్ అక్షరాల్లో నూట యాభై మాటలున్న జిరాక్స్ కాగితం. దాన్ని పై నుంచి కింది దాకా బట్టీ పట్టడం తప్ప ఇంకో దారి ఉందని ఎవరూ చెప్పరు.

నేనూ అలాగే బట్టీ పట్టాను. బెల్టు పరీక్షలో పరీక్షకుడు ఆ మాటల్నే కొంచెం వేరే వరసలో పిలిచేసరికి ఏదీ గుర్తు రాలేదు. చాలా కాలం తర్వాత జపాన్ నుంచి వచ్చిన ఒక శిక్షకుడి క్యాంపులో ఆయన పలికే మాటలకీ నా కాగితంలోని స్పెల్లింగ్‌కీ పొంతన కుదరక, వినబడింది వినబడినట్టు తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టాను. రెండు రోజుల్లో అర్థమైంది ఏమిటంటే, ఈ మాటలు నేర్చుకోవడానికి ఇంగ్లిష్ దారి చుట్టూ తిరిగేది, తెలుగు దారి దగ్గరది. శబ్దాల్లో, మాటలు అతుక్కునే తీరులో, విశేషణం ముందు వచ్చి అసలు మాట చివర రావడంలో జపనీస్‌కీ మనకీ చాలా పోలికలు ఉన్నాయి. నూట యాభై మాటలు బట్టీ పట్టక్కర్లేదు, ముప్పై ముక్కలు తెలిస్తే మిగతావి మీరే విడగొట్టుకోగలరు. ఆ పద్ధతే ఇక్కడ వరసగా చెబుతున్నాను.

ముందుగా ఇంగ్లిష్ స్పెల్లింగ్ పక్కన పెట్టండి

జపనీస్‌లో అచ్చులు ఐదే: అ, ఇ, ఉ, ఎ, ఒ. వాటికి దీర్ఘాలు ఉన్నాయి, హ్రస్వానికీ దీర్ఘానికీ అర్థం మారుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఈ తేడా సాధారణంగా కనపడదు. తెలుగులో ఎ వేరు ఏ వేరు, ఒ వేరు ఓ వేరు, అందుకే మన లిపి దీనికి చక్కగా సరిపోతుంది. పై భాగం అనే మాట "జోదన్", అందులో జో దీర్ఘం, దకి దీర్ఘం లేదు. మొదటి నల్ల బెల్టు స్థాయి "షొదన్", అందులో షొ హ్రస్వం. మన క్లాసుల్లో రెండింటినీ జోడాన్, షోడాన్ అంటారు, ఎక్కడ సాగదీయాలో ఎక్కడ కూడదో అంతా కలిసిపోతుంది.

త, ద లు మన త, ద లాగే పళ్లకు నాలుక తగిలి వస్తాయి. ట, డ జపనీస్‌లో లేవు. కాబట్టి "కటా" కాదు "కత" (ఒంటరిగా వరసగా చేసే కదలికల కూర్పు), "కుమిటే" కాదు "కుమితె" (ఎదుటి మనిషితో చేసే పోరు అభ్యాసం). కరాటే అన్న మాట మాత్రం తెలుగులో అలాగే స్థిరపడిపోయింది, జపాన్‌లో "కరతె" అంటారని తెలిసినా బయట కరాటే అనే అనండి. దోజోలో, అంటే కరాటే నేర్చుకునే చోట, పలికే పదాల దగ్గరే ఈ పట్టింపు.

ఇంగ్లిష్ వాళ్లకు కష్టమైన "త్సు" మనకు పుట్టుకతో వచ్చిన శబ్దం. చుక్క, చుట్టం, చలి అనేటప్పుడు మొదటి అక్షరాన్ని ఎలా పలుకుతారో గమనించండి, అది "చి"లోని చ కాదు కదా. చుక్కలోని ఆ చు జపనీస్ "త్సు"కి చాలా దగ్గర. అలాగే "జుకి"లోని జు, జున్నులో పలికే జు. చిన్నప్పుడు పెద్ద బాలశిక్షలో ఆ రెండక్షరాల మీద ప్రత్యేకంగా గుర్తులు చూసే ఉంటారు, ఇక్కడ అవి పనికొస్తాయి.

సున్న కూడా అంతే. జపనీస్‌లోని న-కారం తర్వాత వచ్చే అక్షరాన్ని బట్టి మారుతుంది, మన పూర్ణానుస్వారం లాగే. ప, బ ముందు మ్ అవుతుంది, అందుకే ఇంగ్లిష్‌లో ఒకరు సెన్‌పాయ్ అని, ఇంకొకరు సెమ్‌పాయ్ అని రాస్తారు. తెలుగులో "సెంపయ్" అని సున్న పెడితే గొడవే లేదు. ఒత్తులూ ఉన్నాయి: వెనక్కి తిరగమనే "మవత్తె"లో త్త స్పష్టంగా వినపడాలి.

ఇంకో రెండు విషయాలు. రాతలో "ఎఇ" అని ఉన్నది మాటలో ఏ అవుతుంది, కాబట్టి గురువు "సెన్సే", సెన్సాయ్ కాదు. పరుషాల మధ్య ఇరుక్కున్న ఉ, ఇ దాదాపు మాయమవుతాయి, "త్సుకి" వేగంగా అంటే "త్స్‌కి" అని వినపడుతుంది. లెక్కపెట్టేటప్పుడు ఇచి ఇచ్, రొకు రొక్ అయ్యేది కూడా ఇలాగే.

మీ కాగితంలోంచి ఇరవై మాటలు తీసుకుని, జపనీస్ వాళ్లు పలికిన వీడియో ఏదైనా పెట్టుకుని, విన్నది విన్నట్టు తెలుగులో తిరగరాయండి. ఒక సాయంత్రం పడుతుంది. ఈ పని చేయకుండా ముందుకు వెళ్లొద్దు.

క్లాసు మొదలు, క్లాసు ముగింపు

ఇవి రోజూ వినపడేవి కాబట్టి ముందు వీటిని అర్థంతో సహా పట్టుకోండి. "సేరెత్సు" అంటే వరసలో నిలబడమని. "సేజ" అంటే మోకాళ్ల మీద కూర్చోమని. "మొకుసో" అంటే కళ్లు మూసుకుని మౌనంగా మనసు నిలపడం, "మొకుసో యమె" అంటే అది చాలించమని. ఆ తర్వాత మూడు నమస్కారాలు:

షోమెన్ ని రే.
సెన్సే ని రే.
ఒతగయి ని రే.

ఈ "ని" మన "కి" విభక్తి. షోమెన్ అంటే ఎదుటి వైపు, దోజోలో పూర్వ గురువుల ఫొటో ఉండే గోడ. రే అంటే వందనం. ఒతగయి అంటే ఒకరికొకరు. ఎదుటి గోడకి వందనం, గురువుగారికి వందనం, ఒకరికొకరికి వందనం. మాటల వరస కూడా తెలుగు వరసే, ఇంగ్లిష్‌లోకి మార్చితే తలకిందులవుతుంది, తెలుగులో ఉన్నచోటనే ఉంటుంది. లేవమనడానికి "కిరిత్సు". మొదట్లో నేర్పమని అడిగే "ఒనెగయిషిమస్", చివర్లో కృతజ్ఞత చెప్పే "అరిగతో గొజయిమషిత" కూడా ఈ రోజుల్లోనే నోటికి పట్టించండి. మధ్యలో వినపడేవి "యోయి" (సిద్ధం), "హజిమె" (మొదలుపెట్టు), "యమె" (ఆపు), "యసుమె" (విశ్రాంతి).

దోజో అన్న మాటకి మన దేశంతో నిజంగానే చుట్టరికం ఉంది. బుద్ధుడికి జ్ఞానోదయమైన చోటును సంస్కృతంలో బోధిమండం అంటారు, దాన్ని చైనీయులు "మార్గం, చోటు" అనే రెండు అక్షరాలతో అనువదించారు, జపాన్‌లో అదే దోజో అయింది. ఇది తెలిశాక ఆ గుమ్మం దగ్గర తల వంచడం నాకు మొక్కుబడిగా అనిపించలేదు.

సెన్సే అంటే అక్షరాలా "ముందు పుట్టినవారు". మన అగ్రజుడు అనే మాటకీ అదే అర్థం కాబట్టి పట్టుకోవడం తేలిక. దీన్ని ఇంటిపేరు తర్వాత చేరుస్తారు, మనం గారు చేర్చినట్టు. తన పేరుకు తానే గారు పెట్టుకోరు కదా, అలాగే జపాన్‌లో ఎవరూ "నేను ఫలానా సెన్సే" అని చెప్పుకోరు. మన దగ్గర విజిటింగ్ కార్డుల మీద, ఫ్లెక్సీల మీద అలా రాసుకోవడం చూస్తుంటాం, తెలియక చేసేదే, కానీ మానేస్తే మంచిది. మనకన్నా ముందు చేరినవారు సెంపయ్, తర్వాత చేరినవారు కోహయ్. వయసుతో సంబంధం లేదు, పద్నాలుగేళ్ల పిల్ల కూడా మీకు సెంపయ్ కావచ్చు.

"ఒస్" గురించి ఒక హెచ్చరిక. క్యొకుషిన్ లాంటి శైలుల్లో ప్రతిదానికీ ఒస్ అంటారు. కరాటే పుట్టిన ఒకినావా దీవుల సంప్రదాయ దోజోలు చాలావాటిలో అది వినపడదు, "హయ్" అంటారు, అంటే అవును, చిత్తం. దోజో బయట జపనీస్ పెద్దవాళ్లతోనో, ఆఫీసులో జపనీస్ క్లయింట్లతోనో ఒస్ అనకండి, అది కుర్రాళ్ల మొరటు పలకరింపు లాగా ఉంటుంది. హైదరాబాద్‌లో జపనీస్ కంపెనీలతో పనిచేసేవాళ్లు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి.

అంకెలు

ఇచి, ని, సన్, షి, గొ, రొకు, షిచి, హచి, కు, జూ. పిలుపులో ఇచ్, ని, సన్, షి, గొ, రొక్, షిచ్, హచ్, కు, జూ. పదకొండు "జూ ఇచి", అంటే పది ఒకటి. ఇరవై "ని జూ", రెండు పదులు. దీంతో తొంభై తొమ్మిది దాకా వచ్చేసినట్టే.

నాలుగుకి షి అన్నా, చావు అన్నా ఒకే శబ్దం కాబట్టి చాలాచోట్ల "యొన్" అంటారు. అందుకే నాలుగో హేఅన్ కత "హేఅన్ యొందన్". ఏడుకి "నన", తొమ్మిదికి "క్యూ" అనే ఇంకో రూపాలూ ఉన్నాయి. కత పేర్లలో వరసకి మొదటిది "ఇచిదన్" కాదు, "షొదన్". షొ అంటే ఆరంభం. నల్ల బెల్టు మొదటి స్థాయికీ అదే మాట. దన్ అంటే మెట్టు. కాబట్టి నల్ల బెల్టు అందుకున్నవారు ఆరంభపు మెట్టు మీద కాలు పెట్టారని అర్థం, అంతకుముందు ఉన్న క్యూలు (నల్ల బెల్టుకి ముందరి స్థాయిలు, తొమ్మిది అనే క్యూ కాదు) ఆ మెట్టు దాకా తగ్గుతూ వచ్చే లెక్క.

లెక్కపెట్టే వస్తువును బట్టి అంకె రూపం మారడం మనకు కొత్త కాదు. మూడు పుస్తకాలు అంటాం, మనుషులైతే ముగ్గురు అంటాం. కరాటేలో దాడుల్ని "హొన్" అనే లెక్కతో లెక్కిస్తారు, అంకెను బట్టి ఆ హొన్ కూడా మారుతుంది: ఇప్పొన్, నిహొన్, సంబొన్, యొన్‌హొన్, గొహొన్. ఐదుసార్లు అడుగు వేసి దాడి చేస్తే, ఎదుటివారు వెనక్కి వెళ్తూ అందుకుని చివర తిరిగి కొట్టే అభ్యాసం "గొహొన్ కుమితె". మూడైతే సంబొన్, ఒకటైతే ఇప్పొన్. ఇష్టం వచ్చినట్టు కదిలేది "జియూ కుమితె", జియూ అంటే స్వేచ్ఛ.

మాట తోక పట్టుకోండి

అసలు విషయం ఇక్కడ ఉంది, ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. ఎంత పొడుగు పేరైనా చివరి ముక్కే అసలు పని చెబుతుంది. ముందున్నవన్నీ ఎక్కడ, ఎటు, ఎలా అని వివరించేవి. తెలుగులో "పెద్ద ఎర్ర మట్టి కుండ" అంటే చివర్లో ఉన్నది కుండ కదా, ఇదీ అంతే. ఆ చివరి ముక్కలు ఏడు:

త్సుకి: పోటు. నేరుగా పొడవడం. దీన్ని పంచ్ అనుకుంటాం గానీ, కత్తితో పొడిచేదానికీ ఇదే క్రియ.
ఉచి: కొట్టడం. చేతిని ఊపి కొట్టే దెబ్బ.
కెరి: తన్ను.
ఉకె: అందుకోవడం.
హరయ్: ఊడ్చేయడం.
తచి: నిలబడే తీరు.
కమయె: సిద్ధంగా ఉండే భంగిమ.

ఉకె దగ్గర కాసేపు ఆగాలి. మనమంతా దాన్ని బ్లాక్ అని నేర్చుకున్నాం, అడ్డుపెట్టడం అనుకున్నాం. జపనీస్ క్రియ "ఉకెరు" అంటే అందుకోవడం, స్వీకరించడం. విసిరిన బంతిని అందుకోవడానికీ, పరీక్ష రాయడానికీ కూడా ఇదే క్రియ వాడతారు. బ్లాక్ అనుకున్నంత కాలం నేను ఎదుటివారి ముంజేతి మీద నా ముంజేతిని బలంగా బాదేవాణ్ణి, రెండు చేతులూ కమిలిపోయేవి. అందుకోవడం అని మనసులో మాట మారాక చేయి కూడా మారింది, వచ్చే బలాన్ని తగిలించుకుని పక్కకి నడిపించడం మొదలైంది. ఈ ఒక్క మాటకి తప్పు అనువాదం చాలామంది పిల్లల చేతుల్ని నొప్పి పెట్టించిందని నా గట్టి అభిప్రాయం.

హరయ్ కూడా అంతే, దుమ్ము దులపడం, ఊడ్చేయడం. బాకీ చెల్లించడానికీ ఇదే మాట, పైనున్నది వదిలించుకోవడమే కదా. "గెదన్ బరయ్" అంటే కిందికి వచ్చిన తన్నును ఊడ్చేయడం.

కెరి గెరి ఎందుకయింది? మన గసడదవలే

కాగితంలో ఒకచోట తచి, ఇంకోచోట దచి, ఒకచోట త్సుకి, ఇంకోచోట జుకి అని చూసి రెండు వేరు మాటలనుకునేవాళ్లు చాలామంది. రెండూ ఒకటే. స్కూల్లో చదివిన గసడదవాదేశ సంధి గుర్తుందా? అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కూర, కాయ కలిస్తే కూరగాయలు. రెండో మాట మొదట్లో ఉన్న పరుషం మెత్తబడింది. జపనీస్‌లో కూడా రెండు మాటలు కలిసి ఒకటయినప్పుడు ఇదే జరుగుతుంది:

మయె + కెరి = మయె గెరి, కూరగాయలు లాగా.
కిబ + తచి = కిబ దచి, అన్నదమ్ములు లాగా.
గ్యకు + త్సుకి = గ్యకు జుకి.
గెదన్ + హరయ్ = గెదన్ బరయ్.
నమి + కఎషి = నమి గఎషి, తెక్కి కతలో కాలితో చేసే "అల తిరుగు".

క గ అవుతుంది, త ద అవుతుంది, త్సు జు అవుతుంది, హ బ అవుతుంది. ఉకె, ఉచి అచ్చుతో మొదలవుతాయి కాబట్టి మారవు. మన వ్యాకరణంలో "బహుళంగా" అన్నట్టే, అక్కడా అన్నిచోట్లా ఇది తప్పనిసరి కాదు, ఒకే కాలి ఊడ్పును బరయ్ అనేవాళ్లూ హరయ్ అనేవాళ్లూ ఉన్నారు. మాట విడిగా అనేటప్పుడు మాత్రం పాత రూపమే, "ఈ రోజు త్సుకి చేద్దాం" అంటారు, జుకి చేద్దాం అనరు.

ముందు ముక్కలు చేర్చండి

ఎత్తులు మూడు: జోదన్ (మెడ, ముఖం), చూదన్ (ఛాతీ, పొట్ట), గెదన్ (నడుము కింద). వీటిలోని దన్ కూడా నల్ల బెల్టు దన్నే, మెట్టు. పై మెట్టు, నడిమి మెట్టు, కింది మెట్టు. పక్కలు రెండు: మిగి కుడి, హిదరి ఎడమ. దిక్కులు: మయె ముందు, ఉషిరొ వెనుక, యొకొ పక్క, మవషి చుట్టూ తిప్పి. ఇప్పుడు మయె గెరి, యొకొ గెరి, మవషి గెరి, ఉషిరొ గెరి మీకు కొత్త మాటలు కావు.

చేతి పోట్లకు ఇంకొన్ని. "ఒయి" అంటే వెంటాడే, అడుగు ముందుకేసి ఆ పక్క చేత్తోనే పొడిచేది ఒయి జుకి. "గ్యకు" అంటే ఎదురు, ముందున్న కాలికి ఎదురు చేత్తో పొడిచేది గ్యకు జుకి. "కిజమి" అంటే తరగడం, వంటింట్లో కూరలు తరగడానికి వాడే మాటే, ముందు చేత్తో చటుక్కున పొడిచేది కిజమి జుకి. "అగె" అంటే పైకి ఎత్తడం: అగె ఉకె, అగె జుకి. తన్నులో అదే చివరికి వెళ్తుంది, కెఅగె అంటే పైకి ఎగిసే తన్ను, కెకొమి అంటే లోపలికి దిగే తన్ను.

ఇప్పుడు మొదట్లో భయపెట్టిన ఆ పొడుగు పిలుపును తోక నుంచి చదవండి. "మిగి జెన్‌కుత్సు దచి" చివర దచి ఉంది, అంటే నిలబడే తీరు, జెన్‌కుత్సు అంటే ముందుకు వంగిన, మిగి కుడి: కుడికాలు ముందు పెట్టి ఆ మోకాలు వంచి నిలబడాలి. "చూదన్ గ్యకు జుకి" చివర జుకి, పోటు, ఎదురు చేత్తో, నడిమి మెట్టుకి. రోజుకి ఇలాంటివి ఐదు మీరే తయారుచేసి, గట్టిగా పిలిచి, ఒంటితో చేయండి. కూర్చుని చదివితే ఈ మాటలు నిలవవు, నోరూ కాలూ కలిసి కదలాలి.

ఒకేలా వినపడే మాటలతో జాగ్రత్త. "ఉచి" తోకలో ఉంటే కొట్టడం (ఉరకెన్ ఉచి, వెనక పిడికిలి దెబ్బ), తలలో ఉంటే లోపల (ఉచి ఉకె). రెండూ వేరు మాటలు. "మికజుకి గెరి"లో జుకి ఉంది కదా అని పోటు కోసం వెతకొద్దు, అక్కడ త్సుకి అంటే చంద్రుడు. మికజుకి అంటే మూడోనాటి చంద్రుడు, నెలవంక లాగా వంపు తిరిగి వచ్చే తన్ను అది.

ఉచి ఉకె, సొతొ ఉకె అందరినీ తికమక పెడతాయి. సొతొ అంటే బయట. షోతోకన్ శైలిలో సొతొ ఉకె బయట నుంచి లోపలికి వస్తుంది, అంటే మొదలయ్యే చోటును బట్టి పేరు. కొన్ని శైలుల్లో చేరే చోటును బట్టి పేరు పెట్టారు, అక్కడ అదే మాటకి కదలిక తలకిందులు. నేను పరీక్షలో తడబడింది సరిగ్గా ఈ జంట దగ్గరే. మీ నోట్సులో వీటి పక్కన బాణం గుర్తు వేసుకోండి, దోజో మారితే మొదటి రోజే అడగండి.

ఒకే అర్థానికి రెండు మాటలు

చేయి "తె" అయితే కత్తి చేయి "షుతో" ఎందుకయింది, అందులో తె ఎక్కడ? తెలుగులో చేయి, హస్తం రెండూ లేవా? చేతికర్ర అంటాం, హస్తకళ అంటాం. జపనీస్‌లో సొంత మాటలు ఒక వరస, చైనా నుంచి తెచ్చుకున్నవి ఇంకో వరస, మనకు సంస్కృతం లాగా. అక్షరం ఒకటే, చదివే తీరు రెండు. తె, షు (చేయి, హస్తం). అషి, సొకు (కాలు, పాదం). మయె, జెన్ (ముందు). ఉషిరొ, కో (వెనుక). ఉమ, బ (గుర్రం, అశ్వం).

ఇక నిలబడే తీరుల పేర్లు తెరుచుకుంటాయి. జెన్‌కుత్సు ముందు వంపు, కోకుత్సు వెనుక వంపు. కిబ దచి అశ్వారోహణ నిలుపు. హేసొకు దచి పాదాలు కలిపి ఉంచడం. నెకొ అషి దచి పిల్లికాలు. హచిజి దచిలో హచి అంటే ఎనిమిది, జి అంటే అక్షరం. జపనీస్ ఎనిమిది రెండే గీతలు, పైన దగ్గరగా, కింద దూరంగా, మన రెండు పాదాలు అలాగే ఉంటాయి. షుతో అంటే హస్త ఖడ్గం, సొకుతో అంటే పాద ఖడ్గం, అరికాలి బయటి అంచు. ఇంకో గమనిక: పైన చెప్పిన గసడదవ మార్పు ఎక్కువగా సొంత మాటలకే పడుతుంది, చైనా వరస మాటలకు అరుదు.

కత పేర్లు

కరాటే అన్న పేరే ఇక్కడ మొదటి పాఠం. ఒకినావాలో పాత రాతలో "కర" అంటే చైనా అనే అర్థమున్న అక్షరం ఉండేది. 1936 అక్టోబరు 25న నహా నగరంలో పెద్ద గురువులు సమావేశమై, అదే శబ్దమున్న "ఖాళీ" అనే అక్షరాన్ని వాడాలని ఒప్పుకున్నారు. ఖాళీ చేయి. ఆ అక్షరాన్నే చైనా వరసలో "కూ" అని చదువుతారు, ఆకాశం అని కూడా అర్థం. "కన్‌కూ" కతలో కన్ అంటే చూడటం, కూ అంటే ఆకాశం. ఆ కత మొదట్లో రెండు చేతులు ఎత్తి వాటి మధ్య నుంచి పైకి చూస్తాం. పాత పేరు కూషన్‌కూ, ఒక చైనా రాయబారి పేరని చెబుతారు.

ఈ పేర్లు మార్చింది గిచిన్ ఫునకొషి. 1922లో టోక్యోలో కరాటే ప్రదర్శించి, తర్వాత అక్కడే నేర్పిన ఆయన ఒకినావా పేర్లకు బదులు జపాన్ వాళ్లకు అర్థమయ్యేవి పెట్టారు. నయిహంచి తెక్కి అయింది, ఇనుప గుర్రం. చింతో గంకకు అయింది, బండ మీద కొంగ, ఒంటికాలి మీద నిలబడటం చూస్తే పేరు ఎందుకో తెలుస్తుంది. వన్షూ ఎంపి, ఎగిరే వానకోయిల. సేసన్ హంగెత్సు, అర్ధచంద్రుడు, పాదాలు నేల మీద గీసే వంపును బట్టి. పినన్ హేఅన్ అయింది, అక్షరాలు అవే, చదివే తీరే వేరు, శాంతి అని అర్థం. ఒకటి గుర్తుంచుకోండి: ఆయన మొదటి రెండింటి వరస కూడా మార్చారు, షోతోకన్ హేఅన్ షొదన్ మిగతా శైలుల పినన్ నిదన్. షితో, వదో శైలుల వాళ్లతో కలిసి ప్రాక్టీస్ చేస్తే ఇది తెలియాలి.

కొన్ని పేర్లు ఉత్త అంకెలు. నిజూషిహొ ఇరవై నాలుగు అడుగులు, గొజూషిహొ యాభై నాలుగు అడుగులు. గోజూ శైలిలో సేసన్ 13, సేపయ్ 18, సన్‌సేరు 36, సూపారిన్‌పే 108. చివరిది చైనాలోని ఫుజియన్ ప్రాంతపు పలుకుబడి. అష్టోత్తరం చదివే మనకి 108 ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, బౌద్ధంలోనూ అది పవిత్రమైన సంఖ్యే.

కతతో పాటు వచ్చే "బుంకయ్" అంటే విడదీయడం, యంత్రాన్ని ఏ భాగానికి ఆ భాగం విప్పడానికీ అదే మాట. కతలోని కదలికల్ని విప్పి చూడటం. "కిమె" తేల్చేయడం, దెబ్బ చివర బిగించే క్షణం. "జన్షిన్" మిగిలి ఉన్న మనసు, దెబ్బ అయిపోయాక కూడా ఎదుటివారి మీద ఉండే గమనిక.

పోటీలకు వెళ్లేవాళ్లకు

తక్కువే ఉన్నాయి. అక ఎరుపు, అవొ నీలం. మూడు పాయింట్లకు ఇప్పొన్, రెండుకి వజఅరి, ఒకటికి యూకో. ఇప్పొన్‌లో ఒకటి అన్న అర్థం ఉండగా మూడు పాయింట్లేమిటని అడుగుతారు. పాత పద్ధతి పోటీలో ఒక్క ఇప్పొన్ పడితే ఆట ముగిసేది, ఆ పేరు అలాగే నిలిచింది. జోగయ్ అంటే గీత దాటడం. హికివకె సమానం. హంతే న్యాయనిర్ణేతల తీర్పు. "అక నొ కచి" అంటే ఎరుపు వారి గెలుపు, నొ మన షష్ఠీ విభక్తి.

నోట్సు ఎలా పెట్టుకోవాలి

అక్షర క్రమంలో జాబితా రాయకండి. ఒక్కో తోకకి ఒక్కో పేజీ ఇవ్వండి: గెరి పేజీ, జుకి పేజీ, ఉకె పేజీ, దచి పేజీ. క్లాసులో కొత్త మాట వినపడితే ఇంటికొచ్చి దాని తోక ఏదో చూసి ఆ పేజీలో చేర్చండి, ముందు ముక్కకి అర్థం పక్కన తెలుగులో రాయండి. మొదటి వారం శబ్దాలు, నమస్కారాలు, అంకెలు. రెండో వారం ఏడు తోకలు. మూడు, నాలుగు వారాల్లో ముందు ముక్కలు, పొడుగు పిలుపులు. కత పేర్లు మీ బెల్టుకి కావలసినవి చాలు. బెల్టు పరీక్ష దగ్గర పడితే ఇంట్లో ఎవరినైనా, పిల్లలైనా సరే, నోట్సు చూసి ఇష్టం వచ్చిన వరసలో పిలవమనండి, మీరు చేయండి. వరస మారినా ఒళ్లు కదిలిందంటే టెన్షన్ లేకుండా పరీక్షకి వెళ్లొచ్చు. మీ సెన్సే పలికే తీరు దీనికి కొంచెం వేరుగా ఉంటే క్లాసులో ఆయన మాటనే అనుసరించండి, నోట్సులో రెండూ రాసుకోండి, జపాన్ నుంచి ఎవరైనా వచ్చిన రోజున రెండోది వాడుకోవచ్చు.